మీటరు చూపని భారాన్ని లెక్కలోకి తెచ్చిన స్టైన్‌మెట్జ్

ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి జెన్‌కో, ఎన్‌టీపీసీ లాంటి సంస్థల్లో ఉద్యోగానికి ప్రిపేరవుతున్నారా? అయితే ఈ ప్రశ్న మీకే. 500 మెగావాట్ల థర్మల్ యూనిట్ ఒకటి నడుస్తోంది. మెగావాట్లు అలాగే ఉంచారు. గ్రిడ్‌లో వోల్టేజీ తగ్గిందని ఆపరేటర్ ఎక్సైటేషన్ పెంచాడు. రియాక్టివ్ పవర్ 50 మెగావార్ నుంచి 250 మెగావార్‌కు చేరింది. టర్బైన్ మీద అదనంగా భారం పడిందా? పోనీ, జనరేటర్ అరుగుదల పెరిగిందా?

మొదటి ప్రశ్నకు చాలామంది పడలేదంటారు. కరెక్టే. అదే ఊపులో రెండోదానికీ లేదనేస్తారు. రియాక్టివ్ పవర్ అంటే పని చేయని పవర్ అని పుస్తకంలో చదివాం కదా, పని చేయనిది యంత్రాన్ని ఎలా అరగదీస్తుందని అనుకుంటారు. ఇంటర్వ్యూ బోర్డు పట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఈ పని చేయని పవర్‌ను కాగితం మీద పట్టి చూపించి, ఇంజినీర్ల చేతికి లెక్కగా అందించినవారిలో మొదటి వరుసలో ఉండే మనిషి చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్. మీ పుస్తకాల్లో హిస్టరిసిస్ నష్టం దగ్గర ఒక గుణకానికి ఆయన పేరు కనిపించే ఉంటుంది. ఫార్ములా బట్టీపట్టి ముందుకెళ్లిపోయి ఉంటారు. ఆ పేరు వెనక ఉన్న జీవితాన్ని ఒకసారి చూడండి. పై ప్రశ్నకు జవాబు కూడా దారిలోనే దొరుకుతుంది.

డిగ్రీ అందకుండానే ఊరు వదిలి

స్టైన్‌మెట్జ్ 1865 ఏప్రిల్ 9న అప్పటి ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లావ్‌లో పుట్టారు. ఇప్పుడా నగరం పోలండ్‌లో ఉంది, పేరు వ్రోత్స్వాఫ్. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి. కొడుక్కి ఏడాది నిండిన కొద్దికాలానికే తల్లి కన్నుమూసింది. పెంచింది బామ్మే. తండ్రికి, తాతకు ఉన్నట్టే ఆ పిల్లాడికీ పుట్టుకతోనే గూని వచ్చింది. తుంటి కీలు కూడా సరిగా లేదు. పెద్దయ్యాక ఎత్తు నాలుగు అడుగులు, కాస్త అటూ ఇటూ. ఇంట్లో పెట్టిన పేరు కార్ల్ ఆగస్ట్ రుడాల్ఫ్.

1883లో బ్రెస్లావ్ యూనివర్సిటీలో చేరారు. గణితం, భౌతికశాస్త్రం, ఖగోళం ఏదీ వదల్లేదు. తోటి విద్యార్థులు ప్రోటియస్ అని ముద్దుపేరు పెట్టారు. గ్రీకు పురాణాల్లో కావాల్సిన రూపంలోకి మారిపోగల సముద్ర దేవుడి పేరది. అదే కాలంలో సోషలిస్టు విద్యార్థుల బృందంలోనూ తిరిగారు, వాళ్ల పత్రిక పనీ చూశారు. బిస్మార్క్ తెచ్చిన సోషలిస్టు వ్యతిరేక చట్టాలు అమల్లో ఉన్న రోజులవి. 1888లో అరెస్టు తప్పదని తెలిసింది. డాక్టరేట్ దాదాపు చేతికందే దశలో ఉంది. దాన్ని వదిలేసి స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ చేరుకున్నారు. మన దగ్గర ఆఖరి సెమిస్టర్‌లో చదువు ఆగిపోయిన విద్యార్థికి ఆ బాధ ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు.

జూరిచ్‌లో కొంతకాలం పాలిటెక్నిక్‌లో చదివారు. అక్కడ పరిచయమైన ఆస్కార్ అస్ముసెన్ అనే స్నేహితుడితో కలిసి 1889లో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగారు. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. పైగా ఆ శరీరం. వలసదారులను తనిఖీ చేసే అధికారులు వెనక్కి పంపేసేవారే. తోడుగా ఉన్న అస్ముసెన్ తనది పూచీ అని అడ్డుపడటంతో గేటు దాటగలిగారు. ఈ సంగతిని చాలామంది స్ఫూర్తి కథలా చెబుతారు. నాకు మాత్రం ఇందులో స్టైన్‌మెట్జ్ ప్రతిభ కన్నా అస్ముసెన్ స్నేహమే పెద్దగా కనిపిస్తుంది. ఆ రోజు ఆ తెలివిని కొలిచే పరికరం ఎవరి దగ్గరా లేదు మరి.

న్యూయార్క్ పక్కనే యాంకర్స్ పట్టణంలో రుడాల్ఫ్ ఐకెమేయర్ ఫ్యాక్టరీ ఉండేది. టోపీలు తయారుచేసే యంత్రాలతో మొదలై ఎలక్ట్రిక్ మోటార్ల దాకా వచ్చిన సంస్థ అది. యజమాని కూడా జర్మనీ నుంచి వచ్చినవాడే. స్టైన్‌మెట్జ్‌కు అక్కడ డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం దొరికింది. యూనివర్సిటీలో ఉన్నత గణితం చదివిన మనిషి డ్రాయింగ్ బల్ల దగ్గర గీతలు గీయడంతో మొదలుపెట్టారన్నమాట. చదివినదానికి తగిన ఉద్యోగమే కావాలని కూర్చోలేదు. అలాగని చదివినదాన్ని మూలన కూడా పడేయలేదు.

వేడెక్కే ఇనుముకు ఒక లెక్క

అప్పట్లో మోటార్లు, జనరేటర్లు తయారుచేసేవారికి ఒక పెద్ద తలనొప్పి ఉండేది. యంత్రం కట్టి నడిపితే తప్ప దాని ఇనుప కోర్ ఎంత వేడెక్కుతుందో తెలిసేది కాదు. ఎక్కువ వేడెక్కితే మళ్లీ మొదటినుంచి కట్టాలి. ఆల్టర్నేటింగ్ కరెంటులో అయస్కాంత దిశ సెకనుకు పదులసార్లు తిరగబడుతుంది. తిరగబడిన ప్రతిసారీ ఇనుములో కొంత శక్తి వేడిగా పోతుంది. అదే హిస్టరిసిస్ నష్టం. ఎంత పోతుందో ముందే చెప్పే సూత్రం డిజైనర్ దగ్గర లేదు.

స్టైన్‌మెట్జ్ కొలతలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. అయస్కాంత సాంద్రతను 1.6వ ఘాతానికి పెంచితే నష్టం దానికి అనులోమంగా ఉంటుందని తేల్చారు. సాంద్రత రెట్టింపైతే నష్టం దాదాపు మూడు రెట్లవుతుంది. 1892లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్ ముందు ఆ పేపర్ చదివారు. ఆ సంస్థే తర్వాత ఇంకోదానితో కలిసి ఇప్పటి ఐ ట్రిపుల్ ఈ అయింది. సిద్ధాంతపరంగా 1.6కు గట్టి పునాది లేదు, కొలతల నుంచి వచ్చిన సంఖ్య అది. నేటి స్టీలు రకాలకు ఆ ఘాతం మారుతుంది కూడా. అయినా డిజైనర్ యంత్రం కట్టకముందే వేడిని అంచనా వేయగలిగాడు. ఓడ దిగి మూడేళ్లు కూడా నిండలేదు, వయసు 26. అమెరికాలోని ఎలక్ట్రికల్ ఇంజినీర్లందరికీ ఆ పేరు తెలిసిపోయింది.

ఈ వేడి సంగతి గుర్తుపెట్టుకోండి. మన ప్రశ్నకు జవాబు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఐకెమేయర్ సంస్థను కొనేసింది. ఆ కొనుగోలుతో స్టైన్‌మెట్జ్ కూడా వాళ్ల మనిషయ్యారు. ముందు మాసచూసెట్స్‌లోని లిన్, ఆపైన 1894లో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ. చనిపోయేదాకా ఊరు అదే, కంపెనీ అదే. అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు కార్ల్‌ను చార్లెస్‌గా మార్చుకుని, మధ్య పేర్లు రెండూ తీసేసి విద్యార్థి రోజుల ముద్దుపేరు ప్రోటియస్‌నే అసలు పేరులో చేర్చుకున్నారు.

జె అనే అక్షరం

1893 ఆగస్టులో షికాగోలో అంతర్జాతీయ ఎలక్ట్రికల్ కాంగ్రెస్ జరిగింది. దానికి స్టైన్‌మెట్జ్ ఇచ్చిన పేపర్ విషయం సంకీర్ణ సంఖ్యలు, అంటే మీరు ఇంటర్‌లో చదివిన కాంప్లెక్స్ నంబర్లు. వాటితో ఏసీ సర్క్యూట్లను లెక్కగట్టడం ఎలాగో అందులో చూపించారు.

అంతకుముందు ఇంజినీర్లు ఏం చేసేవారు? ప్రతి సర్క్యూట్‌కూ సైన్ తరంగాలు రాసుకుని డిఫరెన్షియల్ సమీకరణాలు సాధించేవారు, లేదంటే స్కేలూ కాంపస్సూ పట్టుకుని డయాగ్రమ్‌లు గీసేవారు. కాలం ప్రతి సమీకరణంలోనూ వచ్చి కూర్చునేది. స్టైన్‌మెట్జ్ పద్ధతిలో కాలం పక్కకు తప్పుకుంది. 3 ఓమ్‌ల రెసిస్టెన్స్, 4 ఓమ్‌ల రియాక్టెన్స్ ఉంటే 3 ప్లస్ జె 4 అని రాస్తే చాలు, ఇంపిడెన్స్ 5. హైస్కూలు బీజగణితం వచ్చినవాడు చేసుకోగల పని. అదే ఏడాది ఆర్థర్ కెనెల్లీ అనే ఇంజినీరు కూడా ఇదే దారిలో పేపర్ రాశారు. కాబట్టి ఘనత మొత్తం ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. కానీ ఆ పద్ధతిని పుస్తకాలుగా రాసి, క్లాసుల్లో చెప్పి, ఫ్యాక్టరీ అంతస్తు దాకా తీసుకెళ్లింది మాత్రం స్టైన్‌మెట్జే. 1897లో ఎర్న్‌స్ట్ బెర్గ్ సాయంతో ఏసీ లెక్కల మీద తెచ్చిన పుస్తకం మొదట్లో చాలామందికి కొరుకుడు పడలేదు. అందుకని వరుసగా ఇంకొన్ని పాఠ్యపుస్తకాలు రాశారు.

ఇక్కడ మన విషయానికి వద్దాం. సంకీర్ణ సంఖ్యలో రెండు భాగాలుంటాయి కదా. జె లేని భాగం నిజంగా పని చేసే పవర్. జె ఉన్న భాగం అయస్కాంత క్షేత్రాన్ని నింపడానికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చేసే పవర్. ఆ రోజుల్లో దీన్ని వాట్‌లెస్ అనేవారు, వాట్లు లేనిదని. సగటు తీస్తే సున్నా. అది లేకపోతే మాత్రం ఏ మోటారూ తిరగదు, లైన్‌లో వోల్టేజీ నిలబడదు.

ఖాళీగా వెళ్లి ఖాళీగా వచ్చే ఆర్టీసీ బస్సును ఊహించుకోండి. కండక్టర్ లెక్కలో ఆదాయం సున్నా. టైర్లు మాత్రం అరుగుతాయి, రోడ్డు మీద చోటూ పడుతుంది. వాట్‌లెస్ కరెంటు అలాంటిదే. మెగావాట్ మీటరు ముందు కూర్చున్నవాడికి అది లేనట్టే. తీగలో పారే కరెంటు మాత్రం అసలైన కరెంటే. దానికి వేడి ఉంది, బలం ఉంది.

ఇప్పుడు యూనిట్ దగ్గరికి

మన దేశంలోని 500 మెగావాట్ల జనరేటర్ నేమ్‌ప్లేట్ చూస్తే సాధారణంగా 588 ఎంవీఏ, 21 కేవీ, పవర్ ఫ్యాక్టర్ 0.85 అని ఉంటుంది. స్టైన్‌మెట్జ్ భాషలో ఇది 500 ప్లస్ జె 310. చేతిలో కాలిక్యులేటర్ ఉంటే 500, 310ల వర్గాలు కలిపి వర్గమూలం తీయండి, 588 వస్తుంది. 3, 4, 5 దగ్గర వాడిన పద్ధతే, కొలతలు వేరు.

ముందు టర్బైన్ సంగతి. ఒక్కో ఫేజులో రియాక్టివ్ పవర్ సెకనుకు వందసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అది షాఫ్ట్‌ను కుదిపేస్తుందని కొందరు రాస్తారు, తప్పు. మూడు ఫేజులు సమతూకంగా ఉంటే ఆ మూడు ఊపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. షాఫ్ట్‌కు తెలిసేది మెగావాట్లకు తగ్గ టార్క్ ఒక్కటే. పెరిగిన నష్టాల మేరకు ఆవిరి కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో టర్బైన్ బ్లేడ్లు, గవర్నర్ వాల్వులు రియాక్టివ్ పవర్ వల్ల అరగవు.

జనరేటర్ సంగతి వేరు. స్టేటర్‌తో మొదలుపెడదాం. అదే 500 మెగావాట్లను పవర్ ఫ్యాక్టర్ 1 దగ్గర ఇస్తే ఉండే కరెంటుతో పోలిస్తే, 0.85 దగ్గర కరెంటు సుమారు 18 శాతం ఎక్కువ. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. లెక్కేస్తే దాదాపు 38 శాతం అదనం. స్టేటర్ కడ్డీల మధ్య అయస్కాంత బలం కూడా కరెంటు వర్గంతోనే పెరుగుతుంది, అదీ మరో 38 శాతం. 50 హెర్ట్జ్ యంత్రంలో ఆ బలం సెకనుకు వందసార్లు కడ్డీని అటూ ఇటూ నెడుతుంది. స్లాట్ వెడ్జ్‌లు బిగువుగా ఉంటే ఏమీ కాదు. ఏళ్లు గడిచి అవి వదులైతే, చివర్లలో వైండింగ్‌ను కట్టిన తాళ్లు సడలితే, కడ్డీ రాపిడికి ఇన్సులేషన్ పొడిపొడిగా రాలుతుంది. ఓవర్‌హాల్‌లో జనరేటర్ విప్పినప్పుడు ఆ పొడి నూనెతో కలిసి జిడ్డులా అంటుకుని కనిపిస్తుంది. మెగావాట్ చార్టులో దాని జాడ ఎక్కడా ఉండదు.

ఇక రోటర్. మెగావార్ ఎక్కువ ఇవ్వాలంటే ఫీల్డ్ కరెంటు పెంచాలి, పెద్ద యంత్రాల్లో అది వేల ఆంపియర్లు. రోటర్ వ్యాసం మీటరుకు కాస్త పైన, వేగం నిమిషానికి 3000 చుట్లు. ఉపరితల వేగం గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో రాగి వైండింగ్ స్లాట్ పైభాగానికి బలంగా అదుముకుని ఉంటుంది. వేడెక్కితే రాగి ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది. సాగాలని చూస్తుంది, కదలనివ్వరు. మెగావార్ పెంచినప్పుడల్లా కొంచెం జరుగుతుంది, తగ్గించినప్పుడల్లా కొంచెం వెనక్కి లాగుతుంది. ఒకసారికి ఏమీ కాదు. రోజుకు పదిసార్లు చొప్పున ఇరవై ఏళ్లు ఇలాగే సాగితే మధ్యలో ఉన్న ఇన్సులేషన్ పలుచనై, ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ షార్ట్ కావచ్చు.

షార్ట్ అయ్యాక జరిగేది ఇంకా ఆసక్తికరం. షార్ట్ అయిన ధ్రువం వైపు వేడి తక్కువ, అవతలి వైపు ఎక్కువ. ఒక పక్కే ఎక్కువ సాగడంతో రోటర్ వెంట్రుకవాసి వంగుతుంది. ఇప్పుడది తిరుగుతుంటే బేరింగ్ దగ్గర వైబ్రేషన్ పెరుగుతుంది. ఫీల్డ్ కరెంటు పెంచితే వంపు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. చూశారా? మనం మొదట మెగావార్ షాఫ్ట్‌ను కుదపదని చెప్పుకున్నాం. దెబ్బతిన్న రోటర్‌లో మాత్రం వేడి దారిన తిరిగొచ్చి అదే పని చేస్తుంది. అప్పుడు బేరింగ్ లోపలి మెత్తని లోహం, షాఫ్ట్ సీళ్లు అరగడం మొదలవుతుంది.

ప్లాంటు ఇంజినీర్లు దీన్నే పరీక్షగా వాడుకుంటారు. మెగావాట్లను స్థిరంగా ఉంచి మెగావార్‌ను మాత్రమే మెల్లగా పెంచి, తగ్గించి, వైబ్రేషన్ దాన్ని అనుసరిస్తోందా అని చూస్తారు. అనుసరిస్తే తప్పు టర్బైన్ వైపు కాదు, జనరేటర్ రోటర్‌లో ఉందని అనుమానించి ఆ దారిలో వెతుకుతారు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క పరీక్షను అర్థం చేసుకుని వివరించగలిగితే చాలు, మీరు సబ్జెక్టు ఎంత చదివారో బోర్డుకు వేరే చెప్పనక్కర్లేదు.

స్టాటిక్ ఎక్సైటేషన్ ఉన్న యూనిట్లలో ఇంకో అరుగుదల కంటికే కనిపిస్తుంది. ఫీల్డ్ కరెంటు కార్బన్ బ్రష్‌ల ద్వారా స్లిప్ రింగులకు చేరుతుంది. కరెంటు ఎక్కువైతే బ్రష్‌లు వేడెక్కి అరుగుతాయి. మరీ తక్కువైనా అరుగుతాయి! బ్రష్‌కూ రింగుకూ మధ్య పల్చటి పొర ఒకటి ఏర్పడి రాపిడిని తగ్గిస్తుంది. అది నిలబడాలంటే తగినంత కరెంటు ఉండాలి.

ఎక్సైటేషన్ తగ్గిస్తే కథ మరోవైపు తిరుగుతుంది. రాత్రివేళ లోడు పడిపోయినప్పుడు, ఇప్పుడైతే మధ్యాహ్నం సోలార్ దండిగా వచ్చి లైన్ల మీద భారం తగ్గినప్పుడు, పొడవాటి 400 కేవీ లైన్లే రియాక్టివ్ పవర్‌ను పుట్టిస్తాయి. వోల్టేజీ పెరుగుతుంది. దాన్ని తగ్గించడానికి జనరేటర్లను మెగావార్ తీసుకోమంటారు. ఏపీ, తెలంగాణల్లో సోలార్ పెరిగే కొద్దీ మీరు ఉద్యోగంలో చేరాక ఈ పరిస్థితిని ఎక్కువగానే చూస్తారు. ఆ సమయంలో స్టేటర్ రెండు చివర్ల దగ్గర అయస్కాంత రేఖలు కోర్ రేకుల్లోకి అడ్డంగా దూరి ఎడ్డీ కరెంట్లు పుట్టిస్తాయి. చివరి రేకులు వేడెక్కుతాయి. పైగా ఫీల్డ్ బలహీనపడటంతో రోటర్‌కూ గ్రిడ్‌కూ మధ్య అయస్కాంత పట్టు సడలుతుంది. మరీ సడలితే రోటర్ సింక్రనిజం తప్పుతుంది. ఆ క్షణంలో షాఫ్ట్ మీద, కప్లింగ్ బోల్టుల మీద పడే దెబ్బలు మామూలువి కావు. కేపబిలిటీ కర్వ్‌లో ఎడమవైపు గీసిన గీత ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదా? విద్యుత్ కేంద్రాల స్థిరత్వం మీద స్టైన్‌మెట్జ్ 1920లో రాసిన పేపర్ ఈ సబ్జెక్టులో వచ్చిన తొలి పేపర్లలో ఒకటి. అప్పటికి ఆయన వయసు 55.

షెనెక్టడీ జీవితం

ఈ మనిషి రోజంతా లెక్కలేనా అంటే కాదు. 1901లో ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థకు అధ్యక్షుడయ్యారు. 1902లో హార్వర్డ్ గౌరవ డిగ్రీ ఇచ్చింది. బ్రెస్లావ్‌లో చేజారిన డిగ్రీ బాకీని అలా ఇంకెవరో తీర్చినట్టయింది. అదే ఏడాది షెనెక్టడీలోని యూనియన్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్‌గా చేరి 1913 దాకా ఆ విభాగాన్ని నడిపారు, కంపెనీ ఉద్యోగం చేస్తూనే. అంతకుముందే 1900లో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాల మొదలైంది. దాన్ని పెట్టాలని పట్టుబట్టినవారిలో ఆయన ఒకరు. తొలి రోజుల్లో అది నడిచింది ఆయన ఇంటి వెనకున్న బండ్ల కొట్టంలోనే.

తన శరీర లోపం పిల్లలకు వస్తుందనే భయంతో పెళ్లి చేసుకోలేదు. కానీ ఒంటరిగా మిగిలిపోలేదు. ల్యాబ్‌లో తన దగ్గర పనిచేసే జోసెఫ్ హేడెన్‌ను చట్టప్రకారం దత్తత తీసుకున్నారు. హేడెన్, అతని భార్య, వాళ్ల ముగ్గురు పిల్లలు అందరూ ఆయన ఇంట్లోనే ఉండేవారు. తాతయ్య అని పిలిచే మనవళ్లు, మనవరాలు దొరికారు. ఇంట్లో గ్లాస్‌హౌస్ నిండా బ్రహ్మజెముడు జాతి మొక్కలు, మొసలి పిల్లలు. నోట్లో ఎప్పుడూ చుట్ట. వేసవిలో మోహాక్ నది ఒడ్డున కట్టుకున్న చెక్క గదికి వెళ్లి, చిన్న పడవలో అడ్డంగా ఒక పలక వేసుకుని, నీళ్ల మీద తేలుతూ లెక్కలు చేసుకునేవారు.

రాజకీయాలనూ వదల్లేదు. షెనెక్టడీలో సోషలిస్టు మేయర్ గెలిచాక పట్టణ విద్యా బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేశారు. పెద్ద కార్పొరేట్ కంపెనీలో ముఖ్య ఇంజినీరు సోషలిస్టుగా బహిరంగంగా తిరగడం విచిత్రంగానే ఉండేది. కంపెనీ ఆయన్ను వదులుకోలేదు, ఆయనా తన మాట మార్చుకోలేదు. 1922లో రాష్ట్ర ఇంజినీరు పదవికి పోటీచేసి ఓడిపోయారు.

చివరి ఏళ్లలో మనసు పిడుగుల మీదికి మళ్లింది. నది ఒడ్డు గది మీద ఒకసారి పిడుగు పడి అద్దం ముక్కలైంది. ఆయన ఆ ముక్కలన్నీ ఏరి, ఒకదాని పక్కన ఒకటి అతికించి, పిడుగు ఏ దారిన వెళ్లిందో చదివే ప్రయత్నం చేశారు. 1922లో ల్యాబ్‌లో కృత్రిమ పిడుగు పుట్టించే జనరేటర్ తయారైంది. విద్యుత్ లైన్లను పిడుగు నుంచి కాపాడే అరెస్టర్లను పరీక్షించడానికి అది అవసరమైంది. దాన్ని చూడటానికి థామస్ ఎడిసన్ షెనెక్టడీ వచ్చారు. మరుసటి ఏడాది 1923 అక్టోబరు 26న స్టైన్‌మెట్జ్ గుండె ఆగి నిద్రలోనే కన్నుమూశారు. 58 ఏళ్లు. ఆయన పేరిట అప్పటికి 200 దాకా పేటెంట్లున్నాయి.

ఆయన గురించి మీరు వాట్సాప్‌లో ఒక కథ చదివే ఉంటారు. హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీలో భారీ జనరేటర్ మొరాయిస్తే స్టైన్‌మెట్జ్ వచ్చి, చాక్‌పీసుతో ఒక గుర్తు పెట్టి, పదివేల డాలర్ల బిల్లు వేశారనే కథ. అది అచ్చులో బాగా ప్రచారమైంది ఆయన పోయిన నాలుగు దశాబ్దాల తర్వాత, 1965లో లైఫ్ పత్రికకు ఒక పాఠకుడు రాసిన ఉత్తరంతో. ఇదే కథను వేరే ఇంజినీర్ల పేర్లతోనూ చెబుతారు. కాబట్టి ఇంటర్వ్యూలో దాన్ని చరిత్రగా చెప్పకండి. ఫోర్డ్‌తో ఆయనకు నిజంగా మిగిలిన బంధం వేరే ఉంది. మోహాక్ ఒడ్డున ఉండే ఆ చెక్క గదిని తర్వాతి కాలంలో ఫోర్డ్ తెప్పించి, మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో తాను కట్టించిన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ మ్యూజియంలో నిలబెట్టారు. ఆ గది ఇప్పటికీ అక్కడే ఉంది.